నూట పదమూడు రోజులు, ఒక కొరియన్ సీరియల్, పక్కన అమ్మ

రోజు 0

పెట్టుకున్న పని ఇదీ. ఒకే ఒక కొరియన్ సీరియల్, పదహారు ఎపిసోడ్లు, మొదటి నుంచి చివరిదాకా చూసి అందులోంచి మాటలు నేర్చుకోవాలి. రోజుకి పది నిమిషాల ముక్క. ఒక్కో ఎపిసోడ్ గంటా ఐదు నిమిషాలు ఉంది కాబట్టి లెక్కప్రకారం 104 రోజులు. నాగాలు కూడా కలుపుకుంటే నాలుగు నెలల్లోపు అయిపోవాలి.

నేను పనిచేసేది కార్ల విడిభాగాల కంపెనీలో, క్వాలిటీ సెక్షన్. 2019లో ఎర్రమంచి దగ్గర కియా ప్లాంటులోంచి కార్లు రావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల కొరియా అక్షరాల బోర్డులు మామూలైపోయాయి. మా సెక్షన్‌లోనే ఇద్దరు కొరియన్ సార్లు ఉన్నారు. వాళ్ళకీ మాకూ మధ్య చెన్నై నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌లేటర్ అక్క. ఆమె సెలవు పెట్టిన రోజు మా లైన్ మొత్తానికి మూగనోమే.

అక్షరాలు ముందే నేర్చుకున్నాను. సెజోంగ్ రాజు హయాంలో 1443లో తయారై 1446లో ప్రకటించిన లిపి. మూల హల్లులు 14, అచ్చులు 10. గుణింతాలూ ఒత్తులూ రాసి పెరిగినవాళ్ళకి వారం చాలు.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి కొరియన్ రావడానికి 2200 క్లాసు గంటలు పడుతుందని లెక్కేసింది. అది చదివి గుండె జారింది. కాసేపయ్యాక, అది ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ లెక్క కదా, నాకెందుకు అనుకుని లాప్‌టాప్ తెరిచాను.

రోజు 3

ఒక్కో ముక్కని మూడుసార్లు చూస్తున్నాను. మొదటిసారి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో, రెండోసారి కొరియన్ సబ్‌టైటిల్స్‌తో ఆపుకుంటూ, మూడోసారి ఏమీ లేకుండా. లాంగ్వేజ్ రియాక్టర్ అని బ్రౌజర్‌లో పెట్టుకునేది ఒకటి ఉంది. రెండు భాషల సబ్‌టైటిల్సూ ఒకదాని కింద ఒకటి చూపిస్తుంది, ఒక్క మీట నొక్కితే మళ్ళీ అదే డైలాగు మొదటికి వెళ్తుంది. పది నిమిషాల ముక్కకి యాభై నిమిషాలు పడుతోంది.

ఇంకో సమస్య, అమ్మ. చిక్కుడుకాయలు తుంచుకుంటూ పక్కన కూర్చుంటుంది. ఇంగ్లీషు రాదు. ప్రతి సీన్‌కీ, "ఏమంటాంది ఆ పిల్ల? నాకూ చెప్పు" అంటుంది. మూడోసారి చూసేటప్పుడైనా మాట్లాడకు అన్నాను. మూతి ముడుచుకుని కాయలు లోపలికి తీసుకెళ్ళింది.

రోజు 12

మునిగిపోయాను.

చూసిన ప్రతి కొత్త మాటనీ ఆంకీలో, అంటే మాటలు గుర్తుపెట్టుకోవడానికి కార్డులు తిప్పే యాప్‌లో, కార్డుగా వేశాను. ఒకవైపు కొరియన్ మాట, రెండోవైపు ఇంగ్లీషు అర్థం. ఆంకీ మామూలుగా రోజుకి 20 కొత్త కార్డులు ఇస్తుంది, నేనూ దాన్ని అలాగే ఉంచాను. మర్చిపోయిన కార్డు మళ్ళీ త్వరగా, గుర్తున్నది కొన్నాళ్ళ తర్వాత చూపించడం దాని పద్ధతి. నేను అన్నీ మర్చిపోతున్నాను కాబట్టి అన్నీ మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఇవాళ బస్సెక్కి చూస్తే 183 కార్డులు వెయిటింగ్. హిందూపురం నుంచి కంపెనీ దాకా తిప్పినా సగం కాలేదు.

అవి గుర్తుండకపోవడానికి కారణం నాకు లీలగా తెలుస్తోంది. మాట ఏ సీన్‌లో వచ్చిందో గుర్తుంటోంది, ఆ అమ్మాయి ముఖం గుర్తుంటోంది, వెనక వాన పడుతోందని కూడా గుర్తుంది. కార్డు మీద మాత్రం ఒంటరి మాట, దాని పక్కన నాది కాని ఇంకో భాష.

రాత్రి అన్నీ చెరిపేశాను. 240 కార్డులు పోయాయి, చెయ్యి కొంచెం వణికింది.

రోజు 13

కొత్త నియమం. రోజుకి ఆరు కార్డులే. ఒంటి మాట కాదు, మొత్తం డైలాగు, దాని ఆడియోతో సహా. అర్థం తెలుగులో.

అమ్మని మళ్ళీ పిలిచాను. ఏమీ జరగనట్టే వచ్చి కూర్చుంది.

ఇవాళ్టి సీన్‌లో పదేళ్ళ పిల్లాడు ఇంకో పిల్లాడితో పోట్లాడుతూ "ఉరి ఒమ్మా" అంటాడు. కింద ఇంగ్లీషులో "నా తల్లి" అని వేశారు. అమ్మకి చెప్పబోతూ నోరు తిరగక ఆగిపోయాను. తెలుగులో ఎవరైనా "నా అమ్మ" అంటారా? "మా అమ్మ" అంటాం. ఉరి అంటే మేము, మా, మన, అన్నీ. వాళ్ళూ మా అమ్మ, మా ఇల్లు, మా ఊరు అనే అంటారు. ఒక్కడే కొడుకైనా సరే మా అమ్మే. కొరియన్ నుంచి ఇంగ్లీషుకి పోయి, అక్కడ "నా" అయి, మళ్ళీ నా దగ్గరికి వచ్చేసరికి తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలా ఉంది ఆ మాట.

అమ్మకి మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. "మా అమ్మ అనక ఏమంటాడు మరి" అంది.

రోజు 21

ఇస్సొ అంటే ఉంది, ఒప్సొ అంటే లేదు. "ఉంది"కి ముందు "కాదు" తగిలించడం కాదు, లేకపోవడానికి విడిగా ఒక క్రియ ఉంది, అచ్చం మన "లేదు" లాగా. ఆరా అంటే తెలుసు, మొల్లా అంటే తెలియదు. ఇవి కార్డు వెయ్యకుండానే పట్టుబడ్డాయి.

ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరు ఇంకొకరిని "పమ్ మొగొస్సొ?" అని అడుగుతున్నారు. ఏడుస్తున్నవాణ్ణీ అడుగుతారు, దెబ్బలు తిని వచ్చినవాణ్ణీ అడుగుతారు. అన్నం తిన్నావా అని. అన్నానికి మాట పప్ (పప్పు కాదు). మరి పప్ కాకుండా పమ్ అని ఎందుకు వినబడుతోంది? మా స్పీకర్ పాడై ఉంటుంది.

రోజు 29

స్పీకర్ బానే ఉంది.

సీన్ ఇది. చలికాలం, రాత్రి, రోడ్డు పక్క టెంటు హోటల్. తాగి ఉన్న పెద్దాయన ఒక గిన్నె ఎత్తి వేడి చారు గటగటా తాగి ఏదో అంటాడు. అందులో నాకు "కుంగ్‌మూల్" అన్నది స్పష్టంగా వినబడింది. కొరియన్ సబ్‌టైటిల్ పెట్టుకోకుండా, విన్నది విన్నట్టు అక్షరాల్లో రాసి ఫోన్‌లో డిక్షనరీలో వెతికాను. అలాంటి మాట లేదు. ఖుంగ్ అని రాశాను, గుంగ్ అని రాశాను, చివర మూర్ అని రాశాను. లేదు. ఇరవై నిమిషాలు పోయాయి. చివరికి ఓడిపోయి సబ్‌టైటిల్ పెడితే అక్కడ ఉన్నది కుక్, మూల్. కుక్ అంటే చారు, మూల్ అంటే నీళ్ళు. చారునీళ్ళు. రాయడం కుక్‌మూల్, పలకడం కుంగ్‌మూల్.

ఎక్కడో విన్నానే అనుకున్నాను. తొమ్మిదో తరగతి తెలుగు క్లాసు. వాక్ + మయము = వాఙ్మయము. అనునాసిక సంధి! ముందున్న క, వెనక మ తగిలేసరికి ఙ అయిపోతుంది. కుక్ + మూల్ కూడా అంతే. ఆ రోజుల్లో ఈ ఙ అక్షరం బతుకులో ఎప్పుడు పనికొస్తుందిరా దేవుడా అనుకున్నాం. ఇదిగో, పెనుకొండ దగ్గర కొరియా చారులో పనికొచ్చింది.

అప్పుడు పమ్ సంగతీ తేలింది. పప్ + మొగొస్సొ, పమ్మొగొస్సొ. థాంక్స్ చెప్పే కమ్సాహమ్నిదా కూడా రాసేటప్పుడు హప్నిదా అనే ఉంటుంది. జగత్ + నాథుడు జగన్నాథుడు అయినట్టే. వాళ్ళు రాసేటప్పుడు విడదీసి రాస్తారు, పలికేటప్పుడు సంధి చేస్తారు. మనం సంధి చేశాకే రాస్తాం. నేను చెవితో విన్నది డిక్షనరీలో దొరకకపోవడానికి సగం కారణం ఇదే. ఇప్పుడు ఏదైనా ముక్కుతో పలికినట్టు వినబడితే వెనక్కి విడదీసి, క, త, ప పెట్టి వెతుకుతున్నాను. ఇవాళ ఒక్కరోజే దొరకని మాటలు ఐదు దొరికాయి.

అదే సీన్‌లో ఇంకోటి. ఆ పెద్దాయన పొగలు కక్కే చారు తాగి "షివొన్‌హాదా" అంటాడు. డిక్షనరీలో చల్లగా ఉంది అని అర్థం. నాలుక కాలేంత వేడిలో చల్లగా ఏమిటి? అమ్మకి సీన్ మళ్ళీ వేసి చూపించి, ఏమని ఉంటాడో చెప్పు అన్నాను. "ప్రాణం లేచొచ్చె అంటాండు" అంది. కార్డు మీద అదే రాశాను.

రోజు 34

జ్వరం. ఏమీ చూడలేదు. ఆంకీ ఇరవై కార్డులు తిప్పి పడుకున్నాను.

రోజు 36

అదే అక్షరం ఒకసారి ప, ఒకసారి బ లాగా వినబడుతోందని ట్రాన్స్‌లేటర్ అక్కని అడిగాను. పాబో, అంటే తెలివితక్కువవాడు. రాసేటప్పుడు రెండూ ఒకే అక్షరం. మాట మొదట్లో ప, అచ్చుల మధ్యకి వస్తే బ. కోగి, అంటే మాంసం, అదీ అంతే. అక్క నవ్వి, "మా తమిళంలోనూ ఒకే అక్షరం కదా, నాకు ఇది కష్టమే అనిపించలేదు" అంది. తెలుగువాళ్ళకి మాత్రం నాలుగు నాలుగు అక్షరాలుండటం ఇక్కడ అడ్డమే. చెవి ప్రతిదాన్నీ ఏదో ఒక గడిలో పడెయ్యాలని చూస్తుంది. పైగా గొంతు బిగబట్టి పలికే హల్లులు ఇంకో రకం ఉన్నాయి. అవి మన ఒత్తక్షరాలూ కావు, ద్విత్వాలూ కావు. వాటి గురించి ప్రస్తుతం ఏమీ రాయను, నాకు ఇంకా తేడా వినబడటం లేదు.

రోజు 41

ఇవాళ పరువు పోయింది.

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌ని పుజాంగ్‌నిమ్ అనాలి. పుజాంగ్ ఉద్యోగం పేరు, నిమ్ అంటే గారు. మా లైన్ కుర్రాళ్ళు మాత్రం వెనకాల భుజంగం సార్ అంటారు. యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని ఎదురొచ్చాడు. నలభై రోజుల చదువు కదా, ఊరికే పోనివ్వడం ఎందుకని నవ్వుతూ అడిగాను: "పమ్మొగొస్సొ?" సంధితో సహా, ఎక్కడా తడబడకుండా.

ఆయన ఆగాడు. ప్లేటు కొంచెం కిందికి దిగింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నవ్వాపుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా అన్నాడు: "నే, మొగొస్సొయో." తిన్నానండి అని, చివర ఆ "యో"ని గట్టిగా నొక్కి.

పక్కన అక్క నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. బయటికి వచ్చాక చెప్పింది. నేను ఆయన్ని "ఏరా, అన్నం తిన్నావా" అన్నంత పని చేశానట. అనాల్సింది "షిక్సా హష్యొస్సొయో". క్రియ చివర యో రావాలి, అంతకన్నా ముందు మధ్యలో మర్యాద ముక్క చేరాలి. అసలు అన్నం అనే మాటే మారిపోవాలి. మనం మాత్రం? అమ్మని తిన్నావా అంటాం, మేష్టారిని భోంచేశారా అంటాం. పరాయి ఊరువాడెవడైనా మన సినిమాల్లో హీరో స్నేహితుణ్ణి పిలిచే పిలుపు నేర్చుకుని కలెక్టరు దగ్గర వాడితే ఎలా ఉంటుంది? ఇవాళ నేను వాడిలాగే ఉన్నాను.

ఇంటికొచ్చి ఆ డైలాగు ఎక్కడెక్కడ వచ్చిందో మళ్ళీ చూశాను. ఒకచోట అవ్వ మనవణ్ణి అడుగుతోంది. రెండుచోట్ల స్నేహితులు. ఒకచోట పెళ్ళాం మొగుణ్ణి. ఒక్కచోట కూడా చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని అడగలేదు. అంటే సీరియల్ సరిగ్గానే నేర్పింది. నేనే కార్డు మీద మాట రాసుకుని మనుషుల్ని వదిలేశాను. ఇంగ్లీషు సబ్‌టైటిల్ చూస్తే అవ్వ అడిగినా, అల్లుడు అడిగినా ఒకటే వాక్యం.

రోజు 43

రెండు సాయంత్రాలు పట్టింది. పాత కార్డులు నూట యాభై పైచిలుకు, అన్నిటికీ రెండు గడులు చేర్చాను. ఎవరు. ఎవరికి. "స్నేహితుడు, స్నేహితుడికి." "కోడలు, అత్తకి." "పోలీసు, దొంగకి." "తాగిన దొంగ, పోలీసుకి." ఈ చివరిది చాలా ఉపయోగం, మర్యాద తప్పితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

తెలుగు అర్థం కూడా దాన్నిబట్టి మార్చి రాశాను. ఒకే క్రియకి ఒక కార్డు మీద "రా", ఇంకో కార్డు మీద "రండి", ఇంకో దాని మీద "దయచేయండి".

రోజు 47

దీని ఫలం వెంటనే కనబడింది. నువ్వు, మీరు అనడానికి తంగ్షిన్ అనే మాట ఉందని పెద్దవాళ్ళతో వాడదామని పెట్టుకున్నాను. గడులు నింపుతుంటే వచ్చింది ఇది: భార్య, భర్తకి. భర్త, భార్యకి. కారు గుద్దుకున్న ఇద్దరు డ్రైవర్లు, ఒకరినొకరు. అంతే. పుజాంగ్‌నిమ్‌ని తంగ్షిన్ అంటే ఆయనకి భార్యనైనా అవ్వాలి, కారైనా గుద్దాలి.

మరి పెద్దవాళ్ళని ఏమనాలి? ఏమీ అనకూడదు. "పుజాంగ్‌నిమ్ చూశారా" అని హోదాతోనే పిలవాలి. లేదా వరస కలపాలి. ఒప్పా అంటే ఆడపిల్ల పిలిచే అన్న, హ్యొంగ్ అంటే మగపిల్లాడు పిలిచే అన్న. ఒన్నీ, నూనా అక్కలు, అక్కడా అదే తేడా. కూరలమ్మే ఆమె అజుమ్మా. బస్సులో పక్కనున్న పరాయి మనిషిని అన్నా అని పిలిచే ఊరివాళ్ళకి ఇదేం పాఠం కాదు. రెండు రోజుల్లో వచ్చేసింది.

రోజు 58

ఇప్పటిదాకా నా దగ్గరున్న సరుకు లెక్క చూసుకున్నాను. విడాకులు తెలుసు. హంతకుడు తెలుసు. వీలునామా, కోమా, మొదటి ప్రేమ, సవతి తమ్ముడు తెలుసు. పెట్టె తెలియదు. గీత పడింది అనడం తెలియదు. బోల్టు వదులుగా ఉంది అనడం తెలియదు. మా సెక్షన్‌లో రోజుకి ఇరవైసార్లు అనాల్సినవి అవే.

సీరియల్లో అంతా ఏడుస్తారు, ఎవరూ ఏదీ బిగించరు.

అందుకని వారంలో రెండు రోజులు సీరియల్ ఆపి వంటలు, ఇల్లు సర్దుకోవడం లాంటి వెరైటీ షోలు చూస్తున్నాను. వాటిలో ఇంకో లాభం ఉంది. నవ్వు తెప్పించడానికి మనుషులు అన్న మాటలనే తెర మీద పెద్ద పెద్ద రంగు అక్షరాల్లో వేస్తారు. వేరే సబ్‌టైటిల్ అక్కర్లేదు. మూత బిగించు, పక్కకి జరుపు, అడుగున అంటుకుంది, ఇవన్నీ ఒక్క ఎపిసోడ్‌లో దొరికాయి.

రాజుల కాలం సీరియల్ కూడా ఒకటి మొదలుపెట్టి ఇరవై నిమిషాలకి ఆపేశాను. అందులో భాష నేర్చుకోవడం, మన పౌరాణిక సినిమాలు చూసి తెలుగు నేర్చుకుని ఆటోవాణ్ణి "ఓ సారథీ" అని పిలవడం లాంటిది.

రోజు 66

మొగొ బ్వా. మొగొ అంటే తిని, బ్వా అంటే చూడు. తిని చూడు. ఇంగ్లీషులో ఇక్కడ ప్రయత్నించు అని వేస్తారు. మనకి ఆ తిప్పలు లేవు, చూడు అంటే చూడే. వంటల షోలో నిమిషానికోసారి వస్తుంది.

సొ జుసెయో. రాసి ఇవ్వండి. మాటకి మాట.

మొగొ పొర్యొస్సొ. పొరిదా అంటే పారేయడం. తిని పారేశాడు. మనం తిట్టి పారేశాడు అనమూ? తినేశాడులో ఉన్న "వేయడం" కూడా అదే కదా.

ఇవి దొరికినప్పటి నుంచి నాకు వాక్యాలు ముందు నుంచి అర్థమవుతున్నాయి. ఇంతకుముందు చివరి క్రియ దాకా ఆగి, ఇంగ్లీషు కోసం తిరగేసి, మళ్ళీ తెలుగు కోసం తిరగేసేదాన్ని. నేను నిన్న ఫ్రెండ్‌ని కలిశాను అనే వాక్యంలో మాటలన్నీ అదే వరసలో ఉంటాయి, "ని" ఉన్నచోట కూడా వాళ్ళదో ముక్క ఉంటుంది. రెండు సార్లు తిరగేయడం దేనికి?

ఈ పోలికలు చూసి మురిసిపోయిన మొదటి మనిషిని నేనేం కాదు. సియోల్‌లో ఉన్న హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్ వ్యాకరణాన్నీ ద్రావిడ భాషల వ్యాకరణాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండూ చుట్టాలన్న మాటని భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఒమ్మాకీ అమ్మకీ పోలిక చూపించి ఇద్దరం ఒకటే అనేవాళ్ళు నాకు ఫోన్‌లో రోజూ కనిపిస్తారు. చుట్టరికం లేకపోతే పోనీ, పక్కింటివాళ్ళలా ఉన్నా నా పని జరుగుతోంది.

ఇంకోటి కూడా ఇక్కడే రాయాలి. గుండె తుగున్ దుగున్, చుక్కలు పన్‌చక్ పన్‌చక్, పని చెయ్యమంటే ప్పల్లి ప్పల్లి. దడదడ, తళతళ, గబగబ. జంట మాటలు ఎన్ని చెప్పినా అమ్మకి ఇంకా కావాలి. వరసపెట్టి నవ్వుతుంది.

రోజు 74

సీరియల్‌కి సెలవిచ్చి సినిమా చూశాం. బోంగ్ జూన్ హో తీసిన పారసైట్, 2019ది, మరుసటి ఏడాది ఆస్కార్లలో ఉత్తమ చిత్రం అయింది. అందులో ఇంటావిడ పనామెకి ఫోన్ చేసి చపాగురి చెయ్యమంటుంది. రెండు రకాల ప్యాకెట్ నూడుల్స్ కలిపి చేసే వంటకం, ఆ రెండు ప్యాకెట్ల పేర్లూ కలిపితే వచ్చిన మాట. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో అది రామ్‌డాన్ అయింది. రామెన్, ఉడాన్ కలిపి అనువాదకుడే పుట్టించిన పేరు. చెవికి చపాగురి, కంటికి రామ్‌డాన్. ఇంకోచోట నోటితో సియోల్ యూనివర్సిటీ అంటారు, కింద ఆక్స్‌ఫర్డ్ అని పడుతుంది.

ఆయన చేసింది తప్పని నేను అనను. హాల్లో రెండు సెకన్లలో చదివి నవ్వాల్సినవాళ్ళ కోసం చేసిన పని అది. కానీ మాటలు నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్ళు సబ్‌టైటిల్‌ని డిక్షనరీ అనుకుంటే ఇలాగే అవుతుంది. డెబ్భై రోజుల క్రితం చూసి ఉంటే నూడుల్స్‌ని కొరియన్‌లో రామ్‌డాన్ అంటారని కార్డు వేసుకునేదాన్ని, అందులో అనుమానం లేదు.

రోజు 88

పదమూడో ఎపిసోడ్‌లో హీరోయిన్ వాళ్ళ నాన్న పూసాన్ నుంచి దిగాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. "మ్వొరకానో" అంటాడు. ఏమంటున్నావ్ అని. సియోల్ మాటకీ దానికీ పోలికే కనబడలేదు. రాగం కూడా వేరు, వాక్యం ఎక్కుతుంది, దిగుతుంది.

నేను తల పట్టుకుంటే అమ్మ, "ఈయన మనోడు" అని తేల్చేసింది. ఎలా తెలుసు అంటే, "చూడు, ఎట్ల అర్సి మాట్లాడ్తాండో, లోపల ఏం లేదు పాపం" అంది. ఆ కార్డు మీద తెలుగు అర్థం "ఏమంటాండావ్" అని మా యాసలోనే రాశాను. మర్చిపోవడం ఉండదు.

రోజు 97

పరీక్ష పెట్టుకున్నాను. మొదటి ఎపిసోడ్ మొదటి పది నిమిషాలు, ఏ సబ్‌టైటిల్సూ లేకుండా. 118 డైలాగులు లెక్క తేలాయి. పూర్తిగా అర్థమైనవి 52. సగం సగం 31. మిగతావి గాలికి పోయాయి. ఇవి నేను కార్డులు వేసి, చెరిపి, మళ్ళీ చూసిన నిమిషాలే కాబట్టి 52 అంటే గొప్ప కాదు.

టోపిక్ అని కొరియన్ ఎంత వచ్చో చూసే పరీక్ష ఉంది, దాని మొదటి స్థాయి పాత పేపర్ కూడా ఒకటి రాశాను. వినేవి 30 ప్రశ్నలు, చదివేవి 40, మొత్తం 200 మార్కులు. 80 వస్తే ఒకటో లెవల్, 140 వస్తే రెండోది. వినేవాటిలో 30కి 21 వచ్చాయి. చదివే భాగంలో మాత్రం టైము చాలక చివరి పది ప్రశ్నలు చూడనే లేదు. చెవితో నేర్చుకుంటే కన్ను వెనకబడుతుంది, సీరియల్ ఆ పని చేసిపెట్టదు. టైము చెప్పే ప్రశ్న ఒకటి అన్యాయంగా పోయింది. గంటలకి అచ్చ కొరియన్ అంకెలు, నిమిషాలకి చైనా నుంచి వచ్చిన అంకెలు. మూడు గంటల ఇరవై నిమిషాలు అనాలంటే ఒకే ఊపిరిలో రెండు అంకెల వరసలు మార్చాలి. తెలిసే ఉండి తప్పు రాశాను.

రోజు 105

పుజాంగ్‌నిమ్ ఒక పార్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి "ఇగొ చోమ్ బ్వా జుసెయో" అన్నాడు. అక్క అక్కడ లేదు. ఇది కాస్త చూసి పెట్టండి. నేను తీసుకుని వెలుతురులో తిప్పి చూశాను, అంచున సన్నగా గీత ఉంది, వేలితో చూపించాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళాక గుర్తొచ్చింది, ఆ వాక్యాన్ని నేను అనువాదం చేసుకోలేదని. గీత అనే మాట మాత్రం ఇంకా రాదు. వేలే దిక్కు.

రోజు 113

ఆఖరి ఎపిసోడ్. కథ గురించి రాయను, అమ్మ ఊహించినట్టే అయింది.

చివర్లో ఒక చిన్న సీన్. కూతురు ఉద్యోగానికి బయల్దేరుతూ చెప్పులేసుకుని లోపలికి కేకేస్తుంది: "తన్యొ ఒల్‌గెయో." వంటింట్లోంచి తల్లి: "తన్యొ వా." సబ్‌టైటిల్‌లో కూతురిది బై, తల్లిదీ బై. మీట నొక్కి మళ్ళీ విన్నాను. తన్యొ అంటే వెళ్ళి. ఒల్‌గెయో అంటే వస్తాను. వా అంటే రా.

అమ్మకి చెప్పలేదు. ఆమె అప్పటికే నిద్రలో ఉంది.

పొద్దున ఆరింటికి బస్సు. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "అమ్మా, తన్యొ ఒల్‌గెయో" అన్నాను. పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరగకుండానే, "ఊ, పోయిరా. టిఫిన్ డబ్బా పెట్టుకుంటివా?" అంది.

బస్సులో కూర్చుని వేశాను.

కార్డు 547. తన్యొ ఒల్‌గెయో. ఎవరు: కూతురు. ఎవరికి: తల్లికి. తెలుగు: పోయొస్తా.